కిన్నెర బృందానికి జర్మనీ నుంచి పిలుపు వచ్చింది, టికెట్ల డబ్బు ఎవరిని అడగాలి?

అచ్చంపేట తెలుగు సారు:

అందరికీ నమస్కారం. అచ్చంపేట దగ్గర జడ్పీ హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా మండలంలో కిన్నెర (సొర బుర్రలు, వెదురుతో చేసే తీగల వాద్యం) వాయించే పెద్దవాళ్లు నలుగురు మిగిలారు. ఆరేళ్ల కింద వాళ్ల కోసం చిన్న సొసైటీ రిజిస్టర్ చేయించాం. రిటైరైన మా హెడ్మాస్టరు ప్రెసిడెంటు, నేను సెక్రటరీ. ఖాతాలో నిన్నటికి 41,260 రూపాయలున్నాయి.

మా బడిలో చదివి ఇప్పుడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి ఒకతె మా వీడియో అక్కడి వాళ్లకు చూపించింది. జూన్‌లో జరిగే జానపద సంగీత ఉత్సవానికి రమ్మని లేఖ వచ్చింది. తిండి, బస, ఊళ్లో తిరగడానికి బండి వాళ్లే చూసుకుంటారు. ఒక్కొక్కరికి 300 యూరోల పారితోషికం. విమానం టికెట్లు మాత్రం మనవే. నలుగురు కళాకారులు, నేను, వాళ్లలో అందరికంటే పెద్దాయనకు చెయ్యి పట్టుకోవడానికి ఆయన మనవడు, మొత్తం ఆరుగురం. ఏజెంటు తలకు 70 వేలు అంటున్నాడు. నాలుగు లక్షల ఇరవై వేలు! మా ఖాతాకు పది రెట్లు.

ఇంకోటి. ఉత్సవం జరిగే ఊళ్లోని ఒక సంస్థ, పిల్లలకు కిన్నెర నేర్పడానికి, పాత పాటలు రికార్డు చేయడానికి రెండేళ్లకు కలిపి 8,000 యూరోలు ఇస్తామంది. బ్యాంకు వివరాలు పంపమని మెయిల్ కూడా పెట్టారు. పాస్‌బుక్ ఫొటో తీశాను గానీ ఎందుకో చెయ్యి ఆగింది. పంపొచ్చా? టికెట్లకు ఏదైనా గ్రాంటు ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

పాలమూరు పిలగాడు:

సార్, శుభవార్త! కిన్నెర కళాకారుడు మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినంక కిన్నెర అంటే ఢిల్లీ ఆఫీసుల్లో కూడా తెలుస్తుంది. ఐసీసీఆర్‌కు (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) రాయండి, హైదరాబాద్‌లోనే ప్రాంతీయ కార్యాలయం ఉంది. ఎమ్మెల్యే లెటర్ ఒకటి జత చేస్తే అడ్డం పడదు. ఎల్లేటప్పుడు సకినాలు మర్చిపోకండి.

నల్గొండ లెక్కలావిడ:

సారూ, ఆ పాస్‌బుక్ ఫొటో పంపకండి. మిగతావన్నీ తర్వాత.

నేను పదకొండేళ్లు నల్గొండలో ఒక కళాసంస్థకు లెక్కలు రాశాను. విదేశీ సంస్థ ఇచ్చే గ్రాంటు మామూలు సేవింగ్స్ ఖాతాలో పడితే చట్టం ఒప్పుకోదు. దాని పేరు ఎఫ్‌సీఆర్‌ఏ, విదేశీ విరాళాల మీద 2010 నాటి చట్టం. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట దిగాల్సింది ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. ఆ ఖాతా తెరవడానికి ఢిల్లీ పోనక్కర్లేదు, దగ్గరి ఎస్‌బీఐలో కాగితాలు ఇవ్వొచ్చు. కానీ హోం శాఖ అనుమతి లేకుండా ఖాతా ఒక్కటే ఉండి లాభం లేదు.

పూర్తి రిజిస్ట్రేషన్‌కు సొసైటీకి మూడేళ్లు నిండాలి, గడిచిన మూడేళ్లలో కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చు పెట్టినట్టు ఆడిట్ లెక్కలు చూపాలి. మీ 41 వేలతో అది కాని పని. మీకు కుదిరేది ముందస్తు అనుమతి, ఎఫ్‌సీ-3బి ఫారం. ఫలానా దాత, ఫలానా పని, ఇంత మొత్తం అని ఒక్కదానికే ఇస్తారు. దాత నుంచి హామీ లేఖ, మీ నుంచి ప్రాజెక్టు రిపోర్టు పెట్టాలి. డబ్బు వచ్చాక ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకు పంచకూడదు. ఏటా ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి. దీన్ని జూన్ ప్రయాణంతో ముడిపెట్టకండి, నెలలు పట్టినా పట్టొచ్చు. జర్మనీ వాళ్లకు ఉన్నదున్నట్టు రాసేయండి.

300 యూరోల సంగతి వేరు. వృత్తిగా వాయించినందుకు ఇచ్చే ఫీజు ఆ చట్టం కింద విరాళం కాదు. అందుకని కాంట్రాక్టు కళాకారుల పేర్ల మీద రాయించండి, అందులో ‘సహాయం’ అనే మాటే రానీయకండి. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి మీరు మాత్రం ఆ 300 ముట్టొద్దు.

ఇక టికెట్లు. ఐసీసీఆర్ 1950లో మౌలానా ఆజాద్ పెట్టిన సంస్థ, విదేశాంగ శాఖ కింద నడుస్తుంది. కళాకారుల బృందాలను బయటి దేశాలకు పంపుతుంది కానీ ముందు దాని ప్యానెల్‌లో, అంటే అది ఎంపిక చేసుకున్న కళాకారుల జాబితాలో, పేరెక్కాలి. ఆ దరఖాస్తు ఈ వారమే మొదలుపెట్టండి, ఈ జూన్‌కు అందకపోయినా వచ్చే ఏటికి పనికొస్తుంది. ఇంకో దారి, మీ పూర్వ విద్యార్థిని వైపు నుంచి. సాంస్కృతిక శాఖ గ్లోబల్ ఎంగేజ్‌మెంట్ స్కీమ్‌లో విదేశాల్లో భారత్‌తో స్నేహం కోసం పెట్టుకున్న మైత్రీ సంఘాలకు గ్రాంటు ఉంది. ఇక్కడి నుంచి మనం అడిగేది కాదు. అక్కడ రిజిస్టరైన సంఘమే భారత రాయబార కార్యాలయం ద్వారా అడగాలి. వాళ్ల ఊరి చుట్టుపక్కల అలాంటి సంఘం ఉందేమో ఆ అమ్మాయిని కనుక్కోమనండి. హైదరాబాద్‌లోని జర్మన్ భాషా సాంస్కృతిక కేంద్రం గోథే సెంట్రమ్‌కు కూడా ఒకసారి వెళ్లి కూర్చోండి, జర్మనీ వైపు నిధుల సంగతి అడగడానికి అంతకంటే దగ్గరి చోటు లేదు.

దరఖాస్తులో ‘వేల ఏళ్ల నాటి మహోన్నత కళ’ అని మొదలుపెట్టకండి. అలాంటివి రోజూ వంద చదువుతారు. ఎవరు వస్తున్నారు, ఎన్ని నిమిషాలు వాయిస్తారు, తిరిగొచ్చాక మీ బడిలో ఏం జరుగుతుంది, ఆ మూడు రాయండి. మొగులయ్య గారి పద్మశ్రీ గురించి ఒక్క వాక్యం చాలు. ఎమ్మెల్యే లెటర్ పెడితే పెట్టండి, దానివల్ల మార్కులు పెరగవు.

మా సంస్థలో జరిగింది చెప్తాను, తప్పు నాదే. సర్కారు గ్రాంటుతో ఒకసారి బృందాన్ని పంపాం. డబ్బు రెండు విడతలు. రెండో విడతకు జీఎఫ్‌ఆర్ (సర్కారు ఆర్థిక నియమాలు) 12-ఏ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు చెప్పిన పనికే వాడామనే పత్రం, దానితోపాటు అసలు బోర్డింగ్ పాసులు అడిగారు. ముందే చెప్పకపోవడంతో ఒకాయన తన పాసు చింపి తమాకు పొట్లం కట్టుకున్నాడు, ఇంకొకాయన మనవరాలికి ఆడుకోవడానికి ఇచ్చాడు. చిట్టీ ఎత్తి ముందుగా పెట్టిన డబ్బు ఏడు నెలలు ఆగిపోయింది. ఇప్పుడైతే విమానం దిగిన చోటనే చెయ్యి చాపుతాను, పాసు నా కవర్లో పడ్డాకే టీ.

మన్ననూరు డ్యూటీ:

సారు, నేను ఫారెస్టులో చేస్తా, అమ్రాబాద్ వైపు. మీ పెద్దాయనల కిన్నెర ఎప్పటిది? పాత కిన్నెరలకు మెట్లు (తీగ నొక్కే చోట ఉండే పట్టీలు) అలుగు (పాంగోలిన్) పొలుసులతో చేసి తేనెమైనంతో అంటించేవాళ్లు. అలుగు వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్-1 జంతువు, సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో కూడా ఉంది. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే పారితోషికం కాదు, కేసు. కిన్నెర తలకాయకు కట్టే నెమలీకలు కూడా అంతే. రాలిన ఈకలు ఇంట్లో ఉంచుకోవచ్చు గానీ దేశం దాటించకూడదు. ఎగుమతి నిషేధం.

ఇంకోటి, మా ఆఫీసులో ఒకరికి తగిలింది కాబట్టి చెప్తున్నా. ప్రభుత్వ ఉద్యోగి విదేశీయుల ఖర్చుతో తిండి, బస తీసుకోవాలంటే కేంద్ర హోం శాఖ అనుమతి ముందే కావాలి. ఎఫ్‌సీ-2 ఫారం. ఆహ్వాన లేఖ, మీ శాఖ అనుమతి జత చేసి, మామూలుగా బయల్దేరడానికి రెండు వారాల ముందే చేరాలి. మన డీఈఓ ఆఫీసు ఎన్‌ఓసీకి ఎన్ని రోజులు పడుతుందో మీకే తెలుసు కదా, ఈరోజే అర్జీ పెట్టండి.

అచ్చంపేట తెలుగు సారు:

అమ్మా, తమ్ముడూ, ఇద్దరికీ దండాలు. మెయిల్‌కు జవాబు రాశాను, బ్యాంకు వివరాల బదులు మా చట్టం సంగతి వివరించాను. ముందస్తు అనుమతికి హామీ లేఖ పంపుతామన్నారు. పర్మిషన్ కోసం డీఈఓ ఆఫీసులో అర్జీ ఇచ్చి స్టాంపు వేయించుకున్నా.

ఆదివారం పెద్దాయన ఇంటికి పోయాను. గోడకు తగిలించిన కిన్నెర దించి ఒళ్లో పెట్టుకున్నాడు. మూడు సొర బుర్రలు, నల్లబడ్డ వెదురు. మెట్లు వేలితో ఒక్కొక్కటి తడుముతూ, ‘ఇవి మా తాత పెట్టినయి, అలుగువే’ అన్నాడు. నెమలీకలు కూడా వద్దన్నాను. ‘ఈక లేని కిన్నెర బోడి తల లెక్కుంటది సారూ’ అని చాలాసేపు మాట్లాడలేదు. మనవడు కొత్తది తెచ్చాడు. కల్వకుర్తిలో చేయించిందట, ఇత్తడి మెట్లు. పెద్దాయన రెండు మెట్లు నొక్కి చూసి, ‘శృతి కొంచెం మొండిగుంది, మైనం మళ్ల పెట్టుకుంటా’ అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే. వాళ్లావిడ ఈకల చోట కట్టడానికి ఎర్రగుడ్డ కుచ్చులు కుడుతోంది.

పాస్‌పోర్టుల పని కొత్త తలనొప్పి. నలుగురి ఆధార్‌లోనూ పుట్టిన తేదీ జనవరి 1. ఒకరికి ఇంటిపేరు రెండు రకాలుగా ఉంది, ముందు అది సరిచేయించాలి. మంగళవారం మహబూబ్‌నగర్‌లో ముగ్గురికి స్లాటు దొరికింది, మనిషికి 1,500. వీసాకు ఒక్కొక్కరికి 90 యూరోలు, పైగా 30,000 యూరోల ఇన్సూరెన్సు కావాలట. ఈ లెక్క ఎవరూ చెప్పలేదు, బడ్జెట్‌లో కలుపుతున్నా.

లెక్కలమ్మగారూ, ఆ జీఎఫ్‌ఆర్ 12-ఏ మీరు నింపినది ఒకటుంటే పేర్లు కొట్టేసి పెట్టగలరా?

నల్గొండ లెక్కలావిడ:

రాత్రికి వెతికి పెడతాను. ఆ పాత కిన్నెర వీడియో కూడా తీసి ఉంచండి సారూ, ప్యానెల్ దరఖాస్తుకు వీడియో కావాలి. ఇంట్లో కూర్చుని వాయించింది చాలు, స్టేజీ అక్కర్లేదు.