నాన్నకు పాముకాటు మందు పడలేదు, మళ్లీ కరిస్తే?

కోవూరు రైతు కూతురు: వరికోతలో నాన్నను రక్తపింజర కరిచింది. గాజు గొట్టంలో తీసిన రక్తం 20 నిమిషాలైనా గడ్డకట్టలేదు, అంటే విషమెక్కినట్టే. విరుగుడు ఎక్కిస్తుండగానే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం. ప్రాణం దక్కింది గానీ నా భయం పోలేదు. మళ్లీ కరిస్తే అదే మందు ఇవ్వవచ్చా?

కందుకూరు నర్సు: విషమెక్కితే ఇవ్వాల్సిందేనమ్మా. గుర్రాలకు కొద్దికొద్దిగా విషమిచ్చి, వాటి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలతో చేసే మందు అది. గుర్రం ప్రోటీన్‌ను మన ఒళ్లు పరాయిదని ఎదిరిస్తుంది. అలాంటి దద్దుర్లు, ఆయాసం వస్తే ఆపే అడ్రినలిన్ సూదిమందు సిద్ధంగా ఉంచుకునే ఎక్కిస్తాం. పాత సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

ఉదయగిరి నుంచి: కట్లపామైతే వాపు పెద్దగా ఉండదు, రెప్పలు వాలిపోతాయి. నిద్రమత్తు అనుకోవద్దు!

కోవూరు రైతు కూతురు: దద్దుర్ల సంగతి చీటీ రాసి నాన్న చొక్కా జేబులో పెట్టాను.