సుబ్బన్‌ను ఇచ్చి వెబర్‌ను తెచ్చుకోవడం: లాభపడింది ఎవరు?

నీలిగీత:
2016 జూన్ 29న మాంట్రియల్ ఐస్ హాకీ జట్టు పి.కె. సుబ్బన్‌ను నాష్‌విల్ జట్టుకు ఇచ్చేసి షే వెబర్‌ను తీసుకుంది. ఒకరికి ఒకరు, అంతే. సుబ్బన్ వయసు 27, వెబర్ వయసు 30. ఏడాది తిరక్కుండానే నాష్‌విల్ లీగ్ టైటిల్ పోరు, స్టాన్లీ కప్ ఫైనల్ ఆడింది. మాంట్రియల్ తొలి రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టింది. ఈ బేరాన్ని ఇంకా వెనకేసుకొచ్చేవారు ఉన్నారా?

కుడిచేతి షాట్:
నేనున్నాను. 2021లో మాంట్రియల్ ఫైనల్ ఆడినప్పుడు కెప్టెన్ ఎవరండీ? వెబరే కదా. అప్పటికి సుబ్బన్ నాష్‌విల్‌లోనే లేడు. 2019లోనే న్యూజెర్సీకి పంపించేశారు. బదులుగా వచ్చింది పేరులేని ఇద్దరు ఆటగాళ్ళు, డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే చోట, రెండు రెండో రౌండ్ అవకాశాలు!

నీలిగీత:
2021లో ఆ జట్టును అంతదూరం మోసింది గోల్‌కీపర్ కేరీ ప్రైస్. వెబర్ ఆ ఫైనల్ తరవాత మళ్ళీ మంచు మీదకు దిగనే లేదు, ఒప్పందమేమో 2026 దాకా ఉంది.

జమాఖర్చు:
ఇద్దరూ ఆట గురించే మాట్లాడుతున్నారు, అసలు మెలిక ఒప్పందంలో ఉంది. 2012లో వెబర్‌కు ఫిలడెల్ఫియా 14 ఏళ్ళకు 11 కోట్ల డాలర్లు ఇస్తానంది. అతన్ని వదులుకోలేక నాష్‌విల్ అంతే ఇచ్చింది. ఒక్కో జట్టు జీతాలకు లీగ్ పెట్టే పరిమితిలో ఏటా లెక్కకు వచ్చేది సగటున సుమారు 78.6 లక్షలు. చేతికిచ్చిందేమో మొదటి నాలుగేళ్ళలోనే 5.6 కోట్లు. వెబర్ గడువుకు ముందే రిటైరైతే ఆ తేడాను లీగ్ తిరిగి నాష్‌విల్ పరిమితిలోంచే కోస్తుంది. అంటే మనిషిని పంపేసినా గండం వీళ్ళ మెడకే వేలాడుతూ ఉంది. గాయపడిన వెబర్ అధికారికంగా రిటైర్ కాకుండా జాబితాలో కొనసాగాడు కాబట్టి బతికిపోయారు. 2022లో మాంట్రియల్ ఆ ఒప్పందాన్ని వేగస్‌కు అప్పగించి డడోనోవ్‌ను తెచ్చుకుంది. ఆడని ఆటగాడికి ఆడే ఆటగాడు! నన్నడిగితే మొత్తం వ్యవహారంలో మాంట్రియల్ చేసిన తెలివైన పని అదొక్కటే.

కుడిచేతి షాట్:
మరి సుబ్బన్‌ను పంపగా మిగిలిన జీతం చోటులో నాష్‌విల్ మాట్ డుషేన్‌ను ఏటా 80 లక్షలకు తెచ్చి, 2023లో ఎదురు డబ్బిచ్చి సాగనంపింది. దాన్ని ఎవరి ఖాతాలో రాస్తారు?

జమాఖర్చు:
దీని ఖాతాలో రాయను. 2019లో ఇంకెవరినైనా తెచ్చుకోవచ్చు, అది వేరే నిర్ణయం. తోక పట్టుకుని పోతే ఏ బేరానికీ అంతు ఉండదు. నాష్‌విల్‌కు మూడు సీజన్లు దక్కాయి: అందులో ఒక ఫైనల్, 2018లో లీగ్ మొత్తంలో అత్యధిక పాయింట్లు. అప్పటికి వాళ్ళకు కావలసింది అదే. మాంట్రియల్ మాత్రం వయసు మళ్ళుతున్న ఆటగాడిని తెచ్చుకుని, ఫైనల్ కోసం ఐదేళ్ళు ఆగింది.

కుడిచేతి షాట్:
2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది వెబర్. సుబ్బన్ కాదు.

నీలిగీత:
అందులో పదకొండు సీజన్లు నాష్‌విల్‌వే కదండీ!