.45-70 సింగిల్ షాట్ రైఫిళ్లు: ఇంట్లో కట్టే తూటాల ప్రెషర్, భుజం మీద పడే దెబ్బ. మీ అనుభవాలు చెప్పండి

డాలస్_సిక్కోలు: అందరికీ నమస్కారం. నా దగ్గర .45-70 తూటా పట్టే రూగర్ నంబర్ 1 రైఫిల్ ఉంది. పోయిన నెల అదే తూటా పట్టే పాత ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ ఒకటి కొన్నాను. రెండింటికీ అవే డైలు (తూటా కట్టే అచ్చులు), అదే బ్రాస్ (పౌడర్ పోసే ఇత్తడి గొట్టం), అదే 405 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బరువు కొలత) సీసం బుల్లెట్. రూగర్ కోసం కట్టిన తూటాలు ఇంకా 40 మిగిలాయి. ట్రాప్‌డోర్‌లో చక్కగా కూర్చుంటున్నాయి కూడా. వాడొచ్చా? ఇంకో మాట, ఆ తూటాలు రూగర్‌లో పది కాల్చేసరికి భుజం కమిలిపోతోంది. మీరెలా తట్టుకుంటున్నారు?

మోంటానా_మాస్టారు: వద్దు తమ్ముడూ. ఒక్కటి కూడా వద్దు. ముందు ఆ పెట్టెను ట్రాప్‌డోర్ ఉన్న గదిలోంచి తీసేయ్.

ఈ తూటాను అమెరికా సైన్యం 1873లో తీసుకుంది. 70 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్, ముందు 405 గ్రెయిన్ల బుల్లెట్. ఇన్నేళ్లయినా ఆ పాత తుపాకులు ఇంకా వాడకంలో ఉన్నాయి కాబట్టే తూటాల ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ సామీ దీని గరిష్ఠ ప్రెషర్‌ను చదరపు అంగుళానికి 28,000 పౌన్ల దగ్గర ఆపేసింది. రీలోడింగ్ (ఇంట్లో తూటాలు కట్టడం) మాన్యువల్ తెరిస్తే ఈ ఒక్క తూటాకే మూడు పట్టికలు కనిపిస్తాయి: ట్రాప్‌డోర్‌కి ఒకటి, లీవర్ యాక్షన్‌కి (కింద మీట లాగి తూటా ఎక్కించే తుపాకి) ఒకటి, రూగర్ నంబర్ 1 లాంటి వాటికి ఒకటి. ఆ మూడోది కొన్ని మాన్యువళ్లలో 50,000 సీయూపీ (ప్రెషర్ కొలిచే మరో యూనిట్) దాకా వెళ్తుంది. రూగర్‌లో ఉక్కు దిమ్మ రిసీవర్ (తుపాకి మధ్య భాగం) గోడల మధ్య నిలువుగా జారి కూర్చుంటుంది. ట్రాప్‌డోర్‌లో ఉన్నది పైకి లేచే చిన్న తలుపు, దానికో గడియ. తూటా లోపల పట్టినంత మాత్రాన తుపాకి దాన్ని తట్టుకుంటుందని కాదు.

ఒహాయో_వేటగాడు: మాస్టారూ, ఒక సందేహం. తక్కువ పౌడర్‌తో మొదలుపెట్టి, ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న టోపీ) చదును అవుతోందా అని చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచితే సరిపోదా? నా .30-06 రైఫిల్‌కి అలాగే చేస్తాను.

మోంటానా_మాస్టారు: ఇక్కడే చాలామంది పొరపడతారు. ప్రైమర్ చదునవడం, ఖాళీ బ్రాస్ గట్టిగా పట్టేసి రాకపోవడం, ఇవన్నీ చాలా ఎక్కువ ప్రెషర్ దగ్గర కనిపించే గుర్తులు. ట్రాప్‌డోర్ హద్దు అంతకు ఎంతో ముందే దాటిపోయి ఉంటుంది. అంటే ఈ తుపాకి విషయంలో బ్రాస్ మీకు ముందస్తు హెచ్చరిక ఇవ్వదు. పట్టికలో ఉన్న అంకె దగ్గరే ఆగాలి. ఆ పట్టికలో చెప్పిన బుల్లెట్, ప్రైమర్, తూటా పొడవు కూడా మార్చకూడదు. బుల్లెట్ ఇంకాస్త లోపలికి దిగితే ఖాళీ తగ్గి ప్రెషర్ పెరుగుతుంది.

హ్యూస్టన్_గోదారి: నాకు జరిగింది చెప్తాను. ఇది సన్నటి తూటా కాదు, లోపల బోలెడంత చోటు. పొగలేని పౌడర్ కొన్ని రకాలైతే రెండుసార్లు పోసినా పైకి కనిపించదు. ఓ ఆదివారం పౌడర్ పోస్తుంటే ఇంటి నుంచి అమ్మ ఫోన్. మాట్లాడి వచ్చి ఆపిన చోట నుంచే అనుకుని మొదలుపెట్టాను. బుల్లెట్లు పెట్టే ముందు అలవాటుగా టార్చ్ వేసి 50 బ్రాస్‌ల్లోకీ చూస్తే ఒకదాంట్లో పౌడర్ మట్టం ఎక్కువగా ఉంది. చేతులు వణికాయి. మొత్తం యాభై తిరిగి డబ్బాలోకి ఒంపేశాను. ఆ తర్వాత నుంచి రెండోసారి పోస్తే పొర్లిపోయేంత చోటు పట్టే పౌడరే, అదీ మాన్యువల్ పట్టికలో ఉన్నదే, ఎంచుకుంటున్నాను. బెంచ్ దగ్గరికి ఫోన్ తీసుకెళ్లను.

అట్లాంటా_అక్క: కాటా సంగతి కూడా చెప్పాలి. మనం గ్రాముల్లో పెరిగినవాళ్లం. ఒక గ్రాము అంటే 15.4 గ్రెయిన్లు. డిజిటల్ కాటాలో మోడ్ బటన్ పొరపాటున నొక్కుకుంటే అంకె చూస్తే తప్పని తెలియకపోవచ్చు, పక్కన ఉన్న అక్షరాలు చూసే పట్టుకోవాలి. కూర్చున్న ప్రతిసారీ తెలిసిన బరువు పెట్టి సరిచూసుకోండి.

ఇక భుజం. అదే బుల్లెట్ వేగాన్ని సెకనుకు 1,330 అడుగుల నుంచి 2,000కి పెంచితే వేగం ఒకటిన్నర రెట్లే, కానీ వెనక్కి తన్నే శక్తి సుమారు 2.25 రెట్లు. ఎక్కువ పోసిన పౌడర్ బరువు దానికి అదనం. 8 పౌన్ల తుపాకి బదులు 10 పౌన్లది పట్టుకుంటే ఆ శక్తి 20 శాతం తగ్గుతుంది. గుర్రాల మీద వెళ్లే సైనికులకు తేలిక కార్బైన్ (పొట్టి రైఫిల్) ఇచ్చినప్పుడు సైన్యమే పౌడర్‌ని 70 నుంచి 55 గ్రెయిన్లకు తగ్గించింది. కాబట్టి తగ్గించుకోవడానికి మొహమాటపడకండి. నేను రూగర్‌లో కూడా ట్రాప్‌డోర్ పట్టికే వాడతాను. కాగితం మీద గురికి అది చాలు. బెంచ్ మీద వంగి కూర్చుంటే ఒళ్లు వెనక్కి ఊగదు, దెబ్బంతా భుజమే తీసుకుంటుంది. నిలబడి కాల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. స్కోప్ ఉంటే కంటికి దూరం పెంచండి. నా కనుబొమ మీద రెండు కుట్లు అలా పడ్డవే.

ఓరుగల్లు_కుర్రాడు: అన్నా, ఇవన్నీ చదువుతుంటే ఆసక్తిగా ఉంది. మన దేశంలో ఇలా ఇంట్లో చేసుకోవచ్చా?

మోంటానా_మాస్టారు: చేయకు తమ్ముడూ. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. అమెరికాకు కొత్తగా వచ్చిన వాళ్లకూ ఒక మాట: హెచ్1బీ లాంటి వీసా మీద ఉంటే, వేట లైసెన్స్ వంటి మినహాయింపు లేకుండా తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. ముందు అది లాయర్ దగ్గర తేల్చుకోండి.

డాలస్_సిక్కోలు: అందరికీ రుణపడి ఉంటాను. ఆ 40 తూటాల పెట్టెకు ఎర్ర టేపు చుట్టి, "రూగర్ మాత్రమే" అని రాసి వేరే అల్మరాలో పెట్టి తాళం వేశాను. ట్రాప్‌డోర్‌ని ముందు తుపాకుల మెకానిక్‌కి చూపించి, బ్యారెల్ లోపలి కొలత తీయిస్తాను. పాతవాటిలో బ్యారెల్ లోపలి గాళ్ల దగ్గర వ్యాసం .458 అంగుళాల కంటే ఎక్కువ ఉంటుందని విన్నాను. మెత్తటి సీసం బుల్లెట్ ఎంత సైజు వేయాలో ఎవరైనా పోత పోసుకునేవాళ్లు చెప్పండి, కొలత రాగానే ఇక్కడ పెడతాను.