ఫోన్ మ్యాప్ వల్ల దారి తెలివి పోతుందా?

క్లాక్‌టవర్ కాడి మనిషి: మొన్న నల్లగొండ పక్కనే పానగల్లులో పెళ్లి. ఇక్కడే పుట్టి పెరిగిన మా తమ్ముడు అక్కడికి కూడా మ్యాప్ పెట్టుకునే బండి నడిపాడు! వాడకపోతే మెదడులో దారి పట్టే కణాలు మూలన పడతాయని నా వాదన. 2020లో కెనడా పరిశోధకులు చెప్పిందీ అదే: జీపీఎస్ ఎక్కువ వాడినవాళ్లలో దారులు గుర్తుండే శక్తి ఎక్కువ తగ్గిందట. కాదనేవాళ్లు రండి.

పాలమూరు పిల్ల: నేను కాదంటాను. మూడేళ్ల తర్వాత వాళ్లు మళ్లీ పరీక్షించింది 13 మందిని. దాంతో ఊరందరికీ తీర్పు చెబుతారా?

ఆ కణాలు అంత తేలిగ్గా మూలన పడేవి కావు. 1971లో ఓకీఫ్, దోస్త్రోవ్‌స్కీ అనే పరిశోధకులు ఎలుక మెదడులో దారులు, జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్ అనే భాగంలో చూశారు: ఎలుక ఫలానా చోటికి రాగానే ఫలానా కణం చురుకవుతుంది. తల ఏ వైపు తిరిగిందో చెప్పే కణాలు వేరు. 2005లో శాస్త్రవేత్తలు మోసర్ దంపతుల ల్యాబ్‌లో దొరికిన గ్రిడ్ కణాలు ఇంకా చిత్రం. నేలంతా సమబాహు త్రిభుజాలు పరిచినట్టు ఊహించుకోండి, ఎలుక ఆ త్రిభుజాల మూలల్లో దేన్ని తొక్కినా అదే కణం పలుకుతుంది. లైటు తీసేసినా అడుగుల లెక్కతో పని నడుస్తుంది.

నిన్న రాత్రి కరెంటు పోయింది. మా అమ్మ మంచం దిగి, బియ్యం డ్రమ్ముకు తగలకుండా వెళ్లి, దేవుడి గూట్లోంచి అగ్గిపెట్టె తెచ్చింది. ఆమె కూడా రోజూ మ్యాప్ వాడుతుంది మరి!

రిటైర్డ్ స్టీరింగ్: నేను 28 ఏళ్లు బస్సు నడిపాను. ఊరి వీధులన్నీ గుర్తుపెట్టుకునే లండన్ ట్యాక్సీ డ్రైవర్లను ఒకే రూట్లో తిరిగే బస్సు డ్రైవర్లతో పోల్చి 2006లో ఒక పరిశోధన వచ్చిందని మా అబ్బాయి చదివి వినిపించాడు. హిప్పోక్యాంపస్ వెనక భాగం ట్యాక్సీ వాళ్లకే పెద్దదట. ముందు కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. నా రూట్లో ప్రతి గుంత తెలుసు, నల్లగొండ గల్లీల్లోకి వస్తే మాత్రం ఆటో వాళ్లను అడగాల్సిందే.

క్లాక్‌టవర్ కాడి మనిషి: చూశారా! ఫోన్ చెప్పినట్టు తిరిగేవాడూ రూటు బస్సు డ్రైవరే కదా.

పాలమూరు పిల్ల: సగం ఒప్పుకుంటాను. 2017లో లండన్‌లో సోహో వీధుల మీద ప్రయోగం చేశారు. సొంతంగా దారి వెతికేటప్పుడు, ఎక్కువ దారులు చీలే వీధిలోకి రాగానే హిప్పోక్యాంపస్ చురుకైంది. యంత్రం దారి చెబుతుంటే ఆ చురుకు కనబడలేదు. కానీ అన్నా, పని లేక ఊరుకోవడం వేరు, చెడిపోవడం వేరు.

రిటైర్డ్ స్టీరింగ్: అదంతా సరే, పెళ్లి నుంచి తిరిగి ఎలా వచ్చారు?

క్లాక్‌టవర్ కాడి మనిషి: ఫోన్ చార్జింగ్ అయిపోయింది. తమ్ముడు తీసుకెళ్లి ఉదయసముద్రం కట్ట మీద తేల్చాడు.

పాలమూరు పిల్ల: వెనక కూర్చున్న మీరేం చేస్తున్నారు?

క్లాక్‌టవర్ కాడి మనిషి: నా ఫోన్‌లో వీడియో చూస్తున్నా.