ఫ్రిజ్ లేదు, ఉన్నది ఒక్క ఇండక్షన్ స్టవ్: ఆఫీసుకి బాక్సులో ఏం పట్టుకెళ్లాలి?

మోతీనగర్_బ్యాచిలర్:

అందరికీ నమస్తే. మోతీనగర్‌లో ఇద్దరు ఫ్రెండ్స్‌తో రూమ్‌లో ఉంటున్నాను. ఆఫీసు రాయదుర్గంలో. ఎనిమిదింపావుకి రూమ్ నుంచి బయటపడి, ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, తొమ్మిదిన్నరలోపు సీట్లో ఉండాలి. లంచ్ ఒకటిన్నరకి.

ఇప్పటిదాకా ఫుడ్ కోర్టే దిక్కు. మీల్స్ 150, బిర్యానీ అయితే ఇంకా పైనే. నెలాఖరుకి చూస్తే అద్దెలో నా వాటాకీ తిండి ఖర్చుకీ పెద్ద తేడా ఉండట్లేదు. డబ్బు సంగతి అలా ఉంచినా, అది తిన్నాక మూడింటికి కళ్లు మూతలు పడిపోతున్నాయి. మా టీమ్ మీటింగ్ సరిగ్గా అప్పుడే.

రూమ్‌లో ఉన్నవి: ఇండక్షన్ స్టవ్ ఒకటి, మూడు లీటర్ల కుక్కర్, ఒక పెనం, ఒక మూకుడు. ఫ్రిజ్ లేదు. మిక్సీ ఉంది కానీ పొద్దున్నే వేస్తే పక్క పోర్షన్ ఆంటీ తలుపు కొడుతుంది. అన్నం, పప్పు, గుడ్డు పొరుటు, బెండకాయ వేపుడు వరకూ వచ్చు. ఓట్స్, క్వినోవా, అవకాడో మాత్రం చెప్పకండి ప్లీజ్. వీడియోల్లో అన్నీ చూశాను, ఆ సరుకుల బిల్లు కంటే ఫుడ్ కోర్టే నయం.

గచ్చిబౌలి_టెస్టర్:

నెలవారీ డబ్బా పెట్టించుకో బ్రో. మొదటి వారం బ్రహ్మాండంగా ఉంటుంది. రెండో వారం నుంచి పప్పులో పప్పు వెతుక్కోవాలి, అంతే. నేను వెతుక్కుంటూనే ఉన్నా.

నాచారం_అక్క:

తమ్ముడూ, నువ్వు మధ్యాహ్నం గురించే రాశావు. సాయంత్రం ఊసే లేదు. నాలుగున్నరకి ఏం తింటున్నావు?

ఎందుకు అడుగుతున్నానంటే, నేను ఇక్కడ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇంటి నుంచి చక్కగా క్యారేజీ తెచ్చుకునే వాళ్లే సాయంత్రం గేటు ముందు బండి దగ్గర నిలబడి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, రెండు మిర్చి బజ్జీలు అని 50, 60 ఇచ్చి వస్తారు. మధ్యాహ్నం మిగిల్చింది అక్కడ పోతుంది. కడుపు చల్లగా లేనివాడు బజ్జీల వాసన తట్టుకోలేడు, అది వాళ్ల తప్పు కాదు. అందుకే నా మాట విని ముందు సాయంత్రం డబ్బా సర్దుకో, లంచ్ సంగతి తర్వాత.

దానికి వంటే అక్కర్లేదు. వేయించిన పల్లీలు, పుట్నాలు, ఒక బెల్లం ముక్క, కావాలంటే అటుకుల చుడువా. పల్లీల్లో 100 గ్రాములకి సుమారు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పుట్నాల్లో 20 దాకా. కానీ పల్లీల్లో నూనె కూడా అంతే గట్టిగా ఉంటుంది కాబట్టి గుప్పెడు చాలు, కీబోర్డు పక్కన డబ్బా తెరిచి పెట్టుకుంటే మొత్తం అయిపోతుంది. ముగ్గురూ కలిసి ఒక ఆదివారం బేగంబజార్ వెళ్లి పల్లీలు, పుట్నాలు, అటుకులు, నువ్వులు నెలకి సరిపడా తెచ్చుకోండి. మీ వీధి చివర ప్యాకెట్ల రేటుకీ దానికీ తేడా నువ్వే చూస్తావు. దోరగా వేయించి గాలి చొరని డబ్బాలో పోస్తే ఫ్రిజ్‌తో పనే లేదు.

ఇక గుడాలు. రాత్రి పడుకునే ముందు శనగలో బొబ్బర్లో ఒక గుప్పెడు నానెయ్యి. పొద్దున కుక్కర్‌లో ఉప్పేసి ఉడికించి, నీళ్లు పూర్తిగా వంపేసి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టు. నిమ్మకాయ చెక్క విడిగా తీసుకెళ్లి తినేముందు పిండుకో. పులుపుతో తింటే గింజల్లో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అయితే ఎండాకాలం గుడాలు సాయంత్రం దాకా ఉంచకు, పాసిపోతాయి. పదకొండింటికో లంచ్‌తోనో తినెయ్యి.

నీ నిద్ర సంగతి. మీల్స్ ప్లేటు ఒకసారి గుర్తు తెచ్చుకో: కొండంత అన్నం, పక్కన రెండు చెంచాల కూర, పల్చటి సాంబారు, అప్పడం. మా తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని అందులో ఉంది. వాళ్లు వేసిన ప్లేటు బొమ్మలో సగం కూరగాయలు, పండ్లే. మనం చేసేది సరిగ్గా తిరగేసి. నీ బాక్సులో అన్నం ఇప్పుడు తినేదాంట్లో సగానికి దించి, ఆ ఖాళీలో కూర, గట్టి పప్పు, ఒక గుడ్డు పెట్టు. అన్నం మానెయ్యమనట్లేదు. మానేస్తే నాలుగో రోజు బిర్యానీ దగ్గర దొరుకుతావు.

పొద్దున పని ఇలా పెట్టుకో. కుక్కర్ అడుగున పెసరపప్పు, టమాట, కడిగి తరిగిన తోటకూరో పాలకూరో వెయ్యి. పైన చిన్న గిన్నెలో బియ్యం, అదే గిన్నెలో శుభ్రంగా కడిగిన గుడ్డు. కందిపప్పు కంటే పెసరపప్పు తొందరగా ఉడుకుతుంది, నీలాంటి వాళ్లకి అదే. కుక్కర్ దిగాక అదే స్టవ్ మీద మూకుడు పెట్టి దొండకాయో, క్యాబేజీయో, బీన్సో వేయించు. ఆకుకూరలు నీకు ఎర్రగడ్డ రైతు బజార్‌లో దొరుకుతాయి, మెట్రో దిగి రూమ్‌కి వెళ్లేటప్పుడు తెచ్చుకో. పప్పు మాత్రం ముద్దలా గట్టిగా ఉండాలి. అమీర్‌పేటలో ఆ తోపులాటలో పల్చటి పప్పు ఏ డబ్బాలోనూ నిలవదు, నీ ల్యాప్‌టాప్ బ్యాగుకి పోపు వాసన పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం చల్లారబెట్టడం. పొగలు కక్కుతుండగా మూత బిగిస్తే ఆవిరి నీళ్లై అన్నం మీదే పడుతుంది, ఒంటిగంటకల్లా జిగట. పళ్లెంలో పరిచి, స్నానం చేసి వచ్చాక సర్దుకో. రాత్రి బయట ఉండిపోయిన అన్నాన్ని పొద్దున బాక్సులో పెట్టుకోకు. అన్నంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, వెచ్చగా ఉంటే పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మైక్రోవేవ్‌లో వేడి చేసినా పోదు. రాత్రికి ఎంత కావాలో అంతే వండుకోండి.

మోతీనగర్_బ్యాచిలర్:

అక్కా, దొరికిపోయాను. సాయంత్రం సమోసా, చాయ్. ఒక్కోసారి రెండుసార్లు.

మూడు డౌట్లు. ఒకటి, పొద్దున కూరగాయలు కోసే టైమ్ లేదు, రాత్రే కోసి పెట్టుకోవచ్చా? రెండు, రోజూ పప్పన్నమేనా? మూడు, మా ఆఫీసు మైక్రోవేవ్ దగ్గర క్యూ చూస్తే రేషన్ షాపు గుర్తొస్తుంది. వేడి చేయకుండా తినగలిగేవి ఏమైనా చెప్పండి.

క్యాబ్_అన్న_ఉప్పల్:

తమ్మీ, మూడోదానికి నేను చెప్తా. నాకు మైక్రోవేవే లేదు, కారే ఆఫీసు. షుగర్ వచ్చినప్పటి నుంచి జొన్న రొట్టె పెట్టుకుంటున్నా. మా ఇంట్లో మరిగే నీళ్లు పోసి పిండి కలుపుతుంది, అట్ల చేస్తే మధ్యాహ్నం దాకా మెత్తగా ఉంటది. గుడ్డలో చుట్టి పెట్టాలె, ప్లాస్టిక్ డబ్బాలో పెడితే చెమట పట్టి ముద్దయితది. నీకు రొట్టె కొట్టడం రాదు కాబట్టి సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి పెట్టి చేసే అక్కల దగ్గర రాత్రికి నాలుగు కొనుక్కో, రెండు ఎక్కువ తీసుకుని పొద్దునకి ఉంచుకో. గట్టిపడ్డా పర్వాలేదు, తుంచి పప్పులో నానేస్తే పది నిమిషాల్లో దిగుతది. షుగర్ ఉన్నోళ్లు జొన్న రొట్టె అని నాలుగు లాగించొద్దు, అదీ పిండి పదార్థమే.

బాక్సు మాత్రం ఎండలో నిలిపిన బండిలో వదిలెయ్యకు. మన దగ్గర మే నెలలో బయటే 40 దాటుతది, కారు లోపల ఎంతుంటదో ఆలోచించు. నేను బాక్సు తీసుకుని చెట్టు కింద కూసుంట.

ఇంకోటి, తిన్న వెంటనే చాయ్ తాగకు. మా బస్తీ దవాఖానా డాక్టరమ్మ చెప్పింది, చాయ్ పడితే తిండిలో ఐరన్ ఒంటికి పట్టదంట. గంట ఆగి తాగు.

నాచారం_అక్క:

అన్న రొట్టె గురించి చెప్పింది బాగుంది. మిగతావి నేను చెప్తా.

బీన్స్, దొండకాయ, క్యారెట్, క్యాబేజీ రాత్రే కోసి పొడి గుడ్డలో చుట్టి పెట్టుకో, చలికాలం ఏమీ కావు. ఎండాకాలం ఆ పని వద్దు. వంకాయ, ఆలుగడ్డ ఎప్పుడైనా పొద్దునే, కోసి పెడితే నల్లబడతాయి. బెండకాయ కడిగి ఆరబెట్టి ఉంచుకుని పొద్దున కోసుకో.

వేడి చేయకుండా తినేవంటే పులిహోర, నిమ్మకాయ అన్నం. ఆ పులుపు వల్లే ఎండల్లోనూ నిలుస్తాయి. పల్లీలు దండిగా వెయ్యి, అన్నం తక్కువగా, పక్కన గుడాలు. పెరుగన్నం కావాలంటే అన్నం వేడిగా ఉన్నప్పుడే పాలు పోసి మెత్తగా మెదిపి, గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు కలుపు. లంచ్ టైముకి తోడుకుని కమ్మగా ఉంటుంది. ఉత్త పెరుగు కలిపి తీసుకెళ్తే పుల్లటి నీళ్లు తాగాల్సి వస్తుంది. కొబ్బరి చట్నీ బాక్సులో పెట్టకు, దాని ఆయుష్షు తక్కువ.

పెసరట్టు కూడా చెయ్యొచ్చు. రాత్రి తొమ్మిదిలోపు మిక్సీ వేసుకుంటే పక్క ఆంటీతో గొడవ రాదు. ఫ్రిజ్ లేదు కాబట్టి మరుసటి పొద్దున్నే పిండి మొత్తం అయిపోవాలి, ముగ్గురున్నారు కదా, అయిపోతుంది.

రోజూ పప్పన్నమే అంటావా, మా ఇంట్లో వారంలో ఎక్కువ రోజులు పప్పే, ఆకు మారుతుంది. గోంగూర, చుక్కకూర, మెంతికూర, మునగాకు, దేని రుచి దానిదే. కరివేపాకు పొడి, అవిసె గింజల పొడి చేసి పెట్టుకుంటే నోరు చప్పబడదు. కాకపోతే పొడి, తొక్కు, అప్పడం మూడూ ఒకే బాక్సులో వద్దు. ఉప్పు రోజుకి 5 గ్రాములు మించొద్దంటారు, అంటే ఒక టీస్పూను. తొక్కుతోనే సగం అయిపోతుంది.

గచ్చిబౌలి_టెస్టర్:

అక్కా, గుడ్డు మైక్రోవేవ్‌లో వేడి చేసుకోవచ్చా?

నాచారం_అక్క:

ఉడికిన గుడ్డు అలాగే పెడితే పేలుతుంది నాయనా. కోసి చల్లగానే తిను. స్టీలు బాక్సు కూడా అందులో పెట్టకు, అన్నం గాజు గిన్నెలోకి మార్చుకో. నీ పప్పులో పప్పు దొరికిందా?