దాతల పిల్లలకు విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో మొగ్గు: న్యాయమేనా?

నాగావళి (శ్రీకాకుళం):
భారీ విరాళాలిచ్చినవారి పిల్లలకూ, పూర్వ విద్యార్థుల పిల్లలకూ ప్రవేశాల్లో ప్రాధాన్యం ఇవ్వకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసింది. అది ప్రైవేటు విశ్వవిద్యాలయాలకూ వర్తిస్తుంది. నాకిది అతిగా కనిపిస్తోంది. ఒక కోటీశ్వరుని కుమారునికి సీటిస్తే వచ్చే సొమ్ముతో వందమంది పేదపిల్లలు చదువుకోగలిగినప్పుడు ఆ ఒక్క సీటు కోసం ఇంత రాద్ధాంతం దేనికి? మన దగ్గర యాజమాన్య కోటా లేదా?

గంటస్తంభం (విజయనగరం):
నాగావళి గారూ, సీటు ఇవ్వకపోతే విరాళం రాదన్న ఊహ మీదే మీ లెక్కంతా నిలబడింది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే ప్రాధాన్యాన్ని 2014లోనే ఆపివేసింది. అక్కడే చదువుకున్న మైకేల్ బ్లూమ్‌బర్గ్ 2018లో విద్యార్థుల ఆర్థిక సహాయానికని 180 కోట్ల డాలర్లు ఇచ్చారు. మరోవైపు హార్వర్డ్‌లో దాతల పిల్లలు మొదలైనవారి పేర్లతో డీన్ దగ్గర ప్రత్యేక జాబితా ఒకటి ఉంటుందనీ, అది ఎలా నడుస్తుందనీ ప్రవేశాలపై వేసిన దావా 2018లో విచారణకు వచ్చాక గాని జనానికి వివరంగా తెలియలేదు. శాట్ (అక్కడి ప్రవేశ పరీక్ష) మార్కులు సమానంగా ఉన్నా, అత్యంత సంపన్నులైన ఒక శాతం కుటుంబాల పిల్లలు హార్వర్డ్ వంటి చోట్ల చేరే అవకాశం మధ్యతరగతి పిల్లలకన్నా రెట్టింపు దాటి ఉందని ఆర్థికశాస్త్రవేత్త రాజ్ చెట్టి బృందం 2023లో తేల్చింది. అది ఒక్క సీటు సంగతి కాదు.

దానమంటే ఏమిటో మన జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. గజపతులు పెట్టిన బడి 1879లో కళాశాల అయింది, 1958లో పి.వి.జి. రాజు గారు మాన్సాస్ ట్రస్టు నెలకొల్పారు. అంతదాకా ఎందుకు, మా ఊరి హైస్కూలు వరండాలో గది కట్టించినవారి పేరున్న నల్లరాతి పలక ఇప్పటికీ ఉంది. ఆయన మనవరాలు అదే గదిలో, మిగతా పిల్లలతోపాటు నేల మీద కూర్చొని చదివింది. పలక మీద పేరు చెక్కించడానికి నాకేమీ అభ్యంతరం లేదు, హాజరుపట్టీలో ఎక్కించడానికే అభ్యంతరం.

ఎచ్చెర్ల (శ్రీకాకుళం):
యాజమాన్య కోటాను దీనితో జతకట్టడం సరికాదు. సీటు కోసం ఫీజుకు మించి గుంజే సొమ్మును, అంటే క్యాపిటేషన్ ఫీజును, మన రాష్ట్రం 1983లోనే చట్టం ద్వారా నిషేధించింది (ఎంతమేరకు అమలైందన్నది వేరే కథ). ఎన్నారై సీట్లు 15 శాతం మించకూడదని సుప్రీంకోర్టు 2005లో ఇనాందార్ కేసులో చెప్పింది. విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనప్పుడు సాధారణ సీటుకు ఏడాదికి 15 వేలు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు 12 లక్షలు, ఎన్నారై సీటుకు 20 లక్షలు అని ఉత్తర్వులోనే రాశారు. ప్రభుత్వ కళాశాలలో ఈ అమ్మకమేమిటని విద్యార్థులు ఆందోళన చేశారు, వారి కోపం నాకు న్యాయంగానే తోచింది. అయినా ధర ముందే బయటపెట్టారు కాబట్టే ప్రశ్నించగలిగారు. పైగా ఆ సీట్లకూ నీట్ ర్యాంకు వరుస తప్పదు. దాత సీటుకు ధరా కనబడదు, వరుసా కనబడదు.

నాగావళి:
పేరుమోసిన సంస్థలకు దాతలు ఎలాగూ దొరుకుతారు. విదేశాల్లో స్థిరపడిన మనవాడొకరు ఇచ్చే డబ్బుతో గాని ప్రయోగశాల కట్టుకోలేని చిన్న కళాశాల మాటేమిటి? దానికి సూత్రాలు వల్లిస్తే గోడలు లేవవు కదా.

గంటస్తంభం:
ఆ ఇబ్బంది నిజమే, కాదనను. అంత తప్పనిసరైతే ఏటా ఎన్ని సీట్లు ఎంతకు ఇస్తున్నారో, వాటిలో ఎవరు చేరారో ప్రాస్పెక్టస్‌లో అచ్చువేయమనండి. ముందుగా వద్దనేది దాతలే. కొన్న సీటని నలుగురికీ తెలిస్తే తమ పిల్లవాడి పట్టాకు విలువ ఉండదని వారికి తెలుసు.