రోడ్డు వైపు దుకాణం, సందు వైపు గేటు: గీత ఎక్కడ?

సందు చివరి ఇల్లు:
మాది అనంతపురంలో ఒక పెద్ద రోడ్డు వెనక సందు. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు మీది స్థలాలు వాణిజ్య జోన్, వాటి వెనక మా వరుస నివాస జోన్. ఒక వ్యాపారి రోడ్డు మీది స్థలాన్నీ, దానికి ఆనుకొని వెనక ఉన్న ఇంటినీ కొని, మధ్య గోడ పడగొట్టి ఒకే భవనం కట్టారు. సరుకు దించే గేటు మాత్రం మా ఇరవై అడుగుల సందులోకి పెట్టారు. తెల్లవారుజామున అయిదింటికే లారీలు వస్తున్నాయి. భవనం ఒకటే కాబట్టి స్థలమంతా వాణిజ్యమే అని ఆయన వాదన. ఇది న్యాయమేనా?

కొట్టు యజమాని:
ఊరు పెరిగితే ఇళ్ల మధ్యకు వ్యాపారం రాక తప్పదండి. సాయినగర్‌లో ఎన్ని ఆసుపత్రులు లేవు? మీ స్థలానికీ ధర పెరుగుతుంది. ఆయన వాణిజ్య రేటు ప్రకారం ఆస్తి పన్ను కడుతుంటే ఇక అభ్యంతరం ఎందుకు?

పాత లేఅవుట్:
పన్ను దగ్గరే చాలామంది పొరబడతారు. కట్టడాన్ని దేనికి వాడుతున్నారో చూసి పన్ను వేస్తారు. ఆ స్థలాన్ని దేనికి వాడవచ్చో చెప్పేది మాస్టర్ ప్లాన్. దాన్ని మార్చాలంటే దరఖాస్తు పెట్టాలి, రుసుము కట్టాలి, ప్రకటన వెలువడాలి, చుట్టుపక్కలవారి అభ్యంతరాలు వినాలి. గోడ పడగొట్టినంత మాత్రాన జోన్ మారదు.

మీరట్ శాస్త్రినగర్‌లో నివాసానికి కేటాయించిన స్థలంలో దుకాణాలు కట్టిన కేసులో 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఏళ్లు గడిచాయనో, అధికారులు ఊరుకున్నారనో, డబ్బు ఖర్చయిందనో అక్రమ కట్టడం సక్రమం కాదని తేల్చింది.

ఇది కాగితం మీది గీత కదా అని వదిలేయకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వాణిజ్య ప్రాంతంలో 65, 55. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. మీ అయిదు గంటల లారీ ఆ లెక్కలోకే వస్తుంది. సందు వాణిజ్యమని ఈరోజు ఒప్పుకుంటే రేపు జనరేటరు మోతకూ మీరే అనుమతి ఇచ్చినట్టవుతుంది. పది డెసిబెల్స్ తేడా అంటే ధ్వని తీవ్రత పది రెట్లు.

కొట్టు యజమాని:
చట్టం సరే. అక్కడ పనిచేసేవాళ్ల బతుకుల మాటేమిటి? కూల్చేయమంటారా?

సందు చివరి ఇల్లు:
నేను కూల్చమనలేదండి. మా సందులో ఒకరి ఇంటి ముందు గదిలో కిరాణా కొట్టు ఉంది, మేమంతా అక్కడే కొంటాం. వ్యాపారం మీద మాకు కోపం లేదు. రోడ్డు వైపు ఆయన జోన్‌లో ఆయన స్థలం ఆయనకుంది, సరుకు అటే దించుకోమంటున్నాం. లారీ వెనక్కి తిప్పుతూ మా అరుగు రాయి విరగ్గొట్టారు. సాయంత్రం అక్కడ కూర్చునే మా అత్తగారు ఇప్పుడు లోపలి గదిలోనే ఉంటున్నారు. ఆవిడకు ఎనభై ఏళ్లు. గేటు మూస్తే దుకాణంలో ఎవరి పనీ పోదు, తెరిచి ఉంచితే మా అందరి వాకిళ్లూ పోతాయి.

పాత లేఅవుట్:
అయితే రెండు స్థలాల సర్వే నంబర్లతో విడివిడిగా భూ వినియోగ ధ్రువపత్రం అడగండి. మంజూరైన ప్లాన్ నకలు కూడా తీసుకోండి. అందులో సందు వైపు గేటు ఉందో లేదో ముందు చూడండి.

సందు చివరి ఇల్లు:
సోమవారం దరఖాస్తు పెడుతున్నాం. సందులో పదకొండు ఇళ్లవాళ్లూ సంతకాలు చేశారు.